ఎడమ పక్క ఖాళీ

మా తోడికోడలు గీసిన తెరలో ఎడమ పక్క, అడుగున, చేరెడు చోటు ఖాళీగా ఉంటుంది. చిన్నపిల్లలు టాబ్ మీద కూడికలు చేసుకునే తెర అది. పైన లెక్క ఉంటుంది, కుడి పక్కన అంకెల మీటలుంటాయి, ఎడమ పక్క అడుగున ఏమీ ఉండదు. ఆ ఏమీ లేని చోటును చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. నేను ఇన్నేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా గీసిన వాటిలో దేనికీ రాని మెచ్చుకోలు, ఆవిడ గీయకుండా వదిలేసిన చోటుకు వచ్చింది. మండదా మరి?

ముందు నా పనేమిటో చెప్పాలి. విజయనగరంలో మాదొక చిన్న కంపెనీ. కింద టైర్ల కొట్టు, పైన మేము. బడిపిల్లలకు లెక్కలు నేర్పే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. ప్రోగ్రాములు రాసేవాళ్ళు వేరే ఉన్నారు. తెర మీద ఏది ఎక్కడుండాలి, ఎంతుండాలి, ఏ రంగులో ఉండాలి, వేలు పెడితే ఏం జరగాలి అన్నది నేను చూస్తాను. మా అత్తగారికి మొదట్లో ఈ ఉద్యోగం అర్థమయ్యేది కాదు.

"బొమ్మలెట్టడమేనా? దానికి కూడా జీతమిస్తారేటి?" అనేవారు.

"పెట్టడం కాదత్తా, తీసెయ్యడం" అనేదాన్ని.

నిజంగా అంతే. ప్రతివాళ్ళకీ తెర మీద ఏదో ఒకటి పెట్టాలని ఉంటుంది. మా మేనేజరుకి చిలక కావాలి. జవాబు సరైతే చప్పట్లు కొట్టాలి, నక్షత్రాలు రాలాలి, మూలన గడియారం తిరగాలి. వాటిని ఒక్కొక్కటే ఊడబీకడం నా పని. రెండో తరగతి పిల్లకి ముప్పై ఎనిమిదీ నలభై ఏడూ కలపడమే పెద్ద పని. మధ్యలో చిలక దేనికి? మీట మీద చిన్న వేలు పట్టాలి, పక్క మీట మీద పడకూడదు. తెలుగు అక్షరాల కింద వొత్తులు తెగిపోకూడదు. జవాబు తప్పయితే ఎర్రరంగు మొహాన కొట్టకూడదు. ఇవన్నీ చూసుకుంటే ఒక తెర తయారవుతుంది. చూసినవాళ్ళు "ఇందులో ఏముంది, అంతా తెల్లగానే ఉంది కదా" అంటారు.

నేను చేసిన వాటిలో నాకు బాగా గర్వమైనది ఒకటుంది. ఫోనులో అంకెలు నొక్కితే ఎడమ నుంచి కుడికి పడతాయి. కూడిక అలా జరగదు. ముందు ఒకట్లు కలుపుతాం, తర్వాత పదులు. జవాబు కుడి నుంచి ఎడమకు పుడుతుంది. మొదట్లో మా తెర మీద పిల్లలు ముందు అయిదు నొక్కేవాళ్ళు, తర్వాత ఎనిమిది నొక్కేవాళ్ళు, తెర మాత్రం యాభై ఎనిమిది చూపించి తప్పు అనేది. పిల్లలు వేసింది ఎనభై అయిదే. నేను పట్టుబట్టి, జవాబు గడిని కుడి చివర మొదలుపెట్టించి ఎడమకు నడిపించాను. మర్నాటి నుంచి ఆ తప్పు కనబడలేదు. ఆ తప్పుతో పాటు దాన్ని సరిచేసిన మనిషి కూడా ఎవరికీ కనబడలేదు. బాగా కుదిరిన పనికి పట్టే గతి అదే.

ఇక మా తోడికోడలు. మా మరిదిని చేసుకుని సాలూరు నుంచి వచ్చింది. వాళ్ళ నాన్నకు లారీలున్నాయి. లారీ ఇంజను ఆగకుండా తిరుగుతుంటే దాని మీంచి మాట్లాడి పెరిగిన గొంతు ఆవిడది. వంటింట్లో నవ్వితే వీధిలో పోయేవాళ్ళు ఆగుతారు. లెక్కల్లో డిగ్రీ చదివింది, నాకంటే ఎక్కువ మార్కులతో. ఆ సంగతి నేను అడక్కుండానే మా అత్తగారు నాకు చెప్పారు. మాది గజపతినగరం. సాలూరు నుంచి వచ్చే బస్సు మా ఊరు దాటాకే విజయనగరం చేరుతుంది. ఆ లెక్కన ఏ విషయంలోనైనా ఆవిడకంటే నేనే ముందుండాలి. ఇదేం లెక్కని అడక్కండి. కుళ్ళు పుట్టినప్పుడు మనిషికి ఇలాంటి లెక్కలే వస్తాయి.

ఆవిడని కంపెనీలోకి తెచ్చింది నేనే. లెక్కను చదివి వినిపించే గొంతు కావాలని మేనేజరు అంటే, మా ఇంట్లో ఒక గొంతుంది అన్నాను. పూటపని. రికార్డు చేసి వెళ్ళిపోవడమే. వచ్చిన వారానికే టైర్ల కొట్టు వాళ్ళతో సహా అందరికీ చుట్టమైపోయింది. మామిడి తాండ్ర తెచ్చి అందరి బల్లల మీదా ముక్కలు పెట్టేది. ఆ చేత్తోనే నా టాబ్ నొక్కేది. నేను గుడ్డతో తుడుచుకుంటుంటే, "పిల్లల సేతులు ఇంతకన్నా సుబ్బరంగా ఉంటాయేటక్కా?" అని పెద్దగా నవ్వేది. మేనేజరు ఆ మాటకి తల ఊపి, చక్కగా చెప్పారన్నాడు. జిగురు చేతులతో పరీక్షించాలని నేను ఎప్పుడో చెప్పాను. నేను చెప్పినప్పుడు ఆయన ఫోను చూసుకుంటున్నాడు.

గొంతు పని అయ్యాక ఆవిడ కాగితాల మీద తెరలు గీయడం మొదలుపెట్టింది. ఎవరూ గీయమనలేదు. పెన్సిలుతో గీసుకున్న ఆ గీతలు మేనేజరుకి కనబడ్డాయి. కనబడేలా పెట్టిందని నా అనుమానం. ఆయనకి ఉత్సాహం వచ్చేసింది. కూడికకు మీరొక తెర చెయ్యండి, ఆవిడొకటి చేస్తారు, రెండూ బడికి తీసుకెళ్దాం అన్నాడు. పిల్లలకు ఏది నప్పితే, తీసివేత నుంచి భాగహారం దాకా అన్ని పాఠాలూ దాని మీదే కడతామన్నాడు. ఆ తెర చేసినవాళ్ళే ఇకమీదట తెరలన్నిటికీ పెద్ద. ఆ కుర్చీకి పేరు లేకపోయినా ఇన్నేళ్ళూ అందులో కూర్చున్నది నేను. ఇప్పుడు పేరు పెట్టే వేళకి పోటీ పెట్టారు, అదీ నేను చెయ్యి పట్టుకుని తెచ్చిన మనిషితో. ఆ కుర్చీ నాకు కావాలి. ఆ కోరికను దాచుకోలేదు, ఇప్పుడూ దాచను.

నా తెర అందంగా వచ్చింది. లెక్క మధ్యలో, అంకెలు కుడి పక్కన, పదుల మీద మిగులు రాసుకోడానికి చిన్న గడి. ఎడమ పక్క అడుగున తుడిచే మీట. అది అక్కడే ఎందుకంటే, అంకెలు నొక్కే కుడి చేతికి దూరంగా ఉంటే పొరపాటున వేలు పడదు. కావాలనుకుంటే టాబ్ పట్టుకున్న ఎడమ చేతి బొటనవేలితో నొక్కుకోవచ్చు. ఆఫీసులో అందరి చేతా పట్టించి చూశాను. అందరూ ఎడమ చేత్తో గాల్లో పట్టుకుని, కుడి చేత్తో నొక్కారు. ఒక్కరికీ ఇబ్బంది రాలేదు.

ఆవిడ తెరలో తుడిచే మీట పైకెక్కి ఒక మూలన కూర్చుంది. అడుగున ఎడమ పక్కంతా ఖాళీ.

"ఇక్కడ ఏం పెడతావు పిల్లా?" అన్నాను.

"ఏటీ పెట్టనక్కా."

"ఇంత చోటు వృథాగా వదిలేస్తావా?"

"ఉండనీ. సెయ్యికి సోటుండాల."

"చేతికి చోటా? సాలూరు లారీలకి పార్కింగా?"

అందరూ నవ్వారు. ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వింది. మనం వేసిన మాటకి మనకంటే గట్టిగా నవ్వి, ఆ మాటని కూడా తన ఖాతాలో వేసుకునే మనుషులుంటారు. ఆ సాయంత్రం నేను మెట్లు దిగుతుంటే టైర్ల కొట్టాయన, "మీ సెల్లెలు బలే మనిషమ్మా" అన్నాడు. చెల్లెలు కాదు, తోడికోడలు అని సరిదిద్దాను.

ఇంట్లో ఇంకొక వ్యవహారం నడుస్తోంది. మా అమ్మాయి రెండో తరగతి. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. మా తోడికోడలిది పూటపని కాబట్టి మధ్యాహ్నానికే ఇంట్లో ఉంటుంది. వరండాలో చాప వేసుకుని మా అమ్మాయి, పక్కన వాళ్ళ పిన్ని, గోడకి ఆనుకుని చిక్కుడుకాయలు వలుస్తూ మా అత్తగారు. గేటు తీస్తూ రోజూ అదే దృశ్యం చూసేదాన్ని. నన్ను చూసి పిల్ల లేచి వచ్చేది కాదు. తల ఎత్తి, "అమ్మ వచ్చింది" అని వాళ్ళ పిన్నికి చెప్పి, మళ్ళీ తల దించుకునేది. మీటల మధ్య దూరం గురించి నాకు తెలిసినంత ఈ జిల్లాలో ఎవరికీ తెలియదనుకునేదాన్ని. నా పిల్లకీ నాకూ మధ్య దూరం ఎవరు పెంచుతున్నారో మాత్రం గేటు దగ్గరే తెలిసిపోయేది.

బడికి తీసుకెళ్ళే ముందు నా తెర మా అమ్మాయికి ఇచ్చాను. లోపలి గదిలో టాబ్‌ని చాప మీద పెట్టుకుని మొదలుపెట్టింది. నేను వంటింట్లో టీ పెట్టుకుంటున్నాను.

"అమ్మా, అంతా పోనాది."

"ఏం నొక్కావు?"

"ఏటీ నొక్కలేదు."

"నొక్కకుండా ఎలా పోతుంది? మళ్ళీ చెయ్యి."

మళ్ళీ పోయింది. టీ పొంగిపోయింది కూడా. నేను వచ్చి టాబ్‌ని చాప మీంచి తీసి రెండు చేతుల్లోనూ పెట్టి, ఇలా గాల్లో పట్టుకోవాలి అన్నాను. అది పట్టుకుంది. ఎనిమిదీ ఏడూ కలిపింది, అయిదు నొక్కింది, ఆగిపోయింది.

"ఇప్పుడు ఒకటి ఎక్కడెట్టుకోను?"

"పైన గడి ఉంది కదా, అందులో రాసుకో."

"అందులో కాదు."

"మరెక్కడ?"

పెదవి బిగించి నా వైపు చూసింది. అప్పుడు వరండాలోంచి మా తోడికోడలు, "ఒలే గుంటా, ఇలా రా, నాదాంట్లో సేద్దువుగాని" అని పిలిచింది. పిల్ల టాబ్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. కాసేపటికి వరండాలోంచి చప్పట్లు వినిపించాయి. తెరలో చప్పట్లు వద్దని నేను తీయించేస్తే ఆవిడ చేతులతో కొడుతోంది. నా కడుపున పుట్టిన పిల్ల నా తెర వదిలి ఆవిడ తెర పట్టుకుంది. అలాగే మాడిన టీ తాగాను. ఆ టాబ్‌లోనే ఏదో లోపముందని నాకు నేను చెప్పుకుని ప్రోగ్రాము రాసే అబ్బాయిని మర్నాడు నాలుగు కేకలు వేశాను.

బడి గరివిడి అవతల. ఫ్యాక్టరీ గొట్టాలు దాటాక, జీడితోటల పక్కన, పెంకులు తీసి శ్లాబు వేసిన చిన్న బడి. కంపెనీ కారులో మేనేజరు ముందు, మేమిద్దరం వెనక. దారి పొడుగునా ఆవిడ లారీల నంబరు ప్లేట్లు చూస్తూ, ఏది ఏ ఊరు బండో చెబుతూనే ఉంది. మేనేజరు వెనక్కి తిరిగి మరీ వింటున్నాడు. నేను మా తెరలు రెండూ మనసులో పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటున్నాను. ఎలా చూసినా నాదే బాగుంది.

పిల్లలు జంబుఖానా మీద వరసలుగా కూర్చున్నారు. సగం మందికి నా తెర, సగం మందికి ఆవిడ తెర, తర్వాత మార్చుకోవాలి. అందరూ టాబ్‌లని నేల మీద పెట్టుకుని వాటి మీదకి వంగారు. ఒక్కరూ గాల్లో పట్టుకోలేదు. నాకు అప్పుడే గుండెల్లో రాయి పడాల్సింది. పడలేదు. వాళ్ళ టీచరమ్మ గట్టి మనిషి, బెత్తం లేకుండానే బడిని నిశ్శబ్దంగా ఉంచగలదు. మొదటి లెక్క తానే చెప్పి చేయిస్తానంది. ముప్పై ఎనిమిదీ, నలభై ఏడూ.

"ఎనిమిదీ ఏడూ?"

"పదిహేను!" బడి దద్దరిల్లింది.

"అయిదేసి, ఒకటి సేతిలో పెట్టండి."

అందరి కుడి చేతులూ అయిదు నొక్కాయి. అందరి ఎడమ చేతులూ ఒక్కసారిగా ముడుచుకున్నాయి. మిగిలిన ఆ ఒకటి జారిపోకుండా గుప్పిట్లో బిగించారు. బిగించిన గుప్పిడిని ఎక్కడో ఒకచోట ఆనించాలి కదా. ముందుకు వంగిన పిల్లలు గుప్పిళ్ళని తిన్నగా టాబ్ మీద, ఎడమ పక్క అడుగున ఆనించారు.

"మేడం, పోనాది!"

"మాది కూడా పోనాది మేడం!"

ఒక సగం అంతా గోల. నా తుడిచే మీట మీద గుప్పిళ్ళు బరువుగా కూర్చుని, వేసిన అంకెను వేసినట్టే తుడిచేస్తున్నాయి. రెండో సగంలో చప్పుడు లేదు. అక్కడ గుప్పిళ్ళన్నీ ఖాళీ చోటులో సుఖంగా కూర్చున్నాయి. పిల్లలు పదుల్లోకి వెళ్ళిపోయారు. ఒక పిల్ల మూడూ నాలుగూ ఏడు అని, గుప్పిడి విప్పి అందులోకి చూసి, ఎనిమిది అని నొక్కింది.

నేను గబగబా వరసల మధ్యకి వెళ్ళి, "ఎడమ చెయ్యి తీసెయ్యండమ్మా, తెర మీంచి తీసెయ్యండి, వదిలెయ్యండి" అన్నాను. చెప్పిన మాట వినే పిల్లలు. అందరూ గుప్పిళ్ళు విప్పేశారు. విప్పేసి లెక్క చేశారు. నా తెరలున్న సగం బడికి డెబ్భై అయిదు వచ్చింది.

టీచరమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా నా వీపు మీదే ఉంది. "సెయ్యి తెరిపించీసేవేటమ్మా? ఒకటి పడిపోయింది మరి" అంది. ఆవిడ వేళాకోళం ఆడటం లేదు. నిజంగా నేల మీద ఏదో పడిపోయినట్టే అంది.

మిగులు రాసుకోడానికి పైన గడి ఇచ్చానని చెప్పబోయాను. రాయడం వచ్చే ఏడు నేర్పుతామని, ముందు పట్టుకోవడం రావాలని అంది. మేనేజరు అప్పటికే రెండో సగం వైపు నిలబడి, ఆ ఖాళీ చోటు మీద పడుకున్న గుప్పిళ్ళకి ఫోటోలు తీస్తున్నాడు. మా తోడికోడలు పిల్లల మధ్య మఠం వేసుకుని కూర్చుని, వాళ్ళతో పాటు తనూ ఒక గుప్పిడి ముడిచి, "గట్టిగా పట్టుకోండ్రా, ఒకటి ఎగిరిపోతాది" అంటోంది. పిల్లలు పకపకా నవ్వుతున్నారు. నా పదేళ్ళ పని ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది. ఆవిడ అక్కడినుంచి నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను ఊపలేదు.

తిరిగి వస్తుంటే మేనేజరు ఆగకుండా పొగిడాడు. ఆ ఖాళీ ఉంది చూశారా, డిజైనంటే అదండీ అన్నాడు. నా తుడిచే మీటను పైకి జరిపితే సరిపోతుందన్నాను. నిజంగానే సరిపోతుంది. నిమిషాల పని. రెండు తెరలకీ మధ్య తేడా అంతా ఒక మీట, అంతే. "జరపొచ్చండీ, కానీ జరపాలని ముందు ఆవిడకి తోచింది కదా" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే ఇంకా మండింది.

చీపురుపల్లి రోడ్డు మీద టీకి ఆగాం. మేనేజరు ఫోను మాట్లాడుతూ అటు వెళ్ళాడు. అడక్కూడదనుకుంటూనే అడిగాను.

"నీకెలా తెలిసింది?"

"ఏటి?"

"పిల్లలు గుప్పిడి టాబ్ మీద పెడతారని."

ఆవిడ టీ గ్లాసు పట్టుకుని నా మొహంలోకి చూసింది. వేళాకోళం ఆడుతున్నాననుకుంది గాబోలు.

"అదేటక్కా అలాగడుగుతావు? మన పాప రోజూ అలాగే సేస్తాది కదా. ఎడం సెయ్యి ముడిసి టాబ్ మీదెట్టీస్తాది. దాన్ని సూసే కదా ఆ సోటు వొదిలాను. నువ్వు సూడలేదేటి?"

నేను టీ ఊదుకున్నాను.

"ఒకపాలి లెక్క అవ్వకముందే అత్త అన్నానికి పిలిస్తే, గుప్పిడి ఇప్పకుండానే వొచ్చి కూకుండిపోనాది. నవ్వలేక సచ్చాననుకో. నువ్వూ ఉన్నావు కదక్కా ఆ రోజు."

ఉన్నాను. ఆ రోజు బాగా గుర్తుంది. పిల్ల ఎడమ చెయ్యి ఒళ్ళో దాచుకుని కూర్చుంటే చాక్లెట్ దాచిందనుకున్నాను. అన్నం ముందు చాక్లెట్ ఏమిటని ఒక్కొక్క వేలే పట్టుకుని విప్పించాను. చేతిలో ఏమీ లేదు. అది ఒక్కసారిగా భోరుమంది. ఏమీ లేనిదానికి ఏడుపేమిటని ఇంకొక కేక వేశాను. మా తోడికోడలు దాన్ని ఎత్తుకుని వరండాలోకి తీసుకుపోయింది. నేను తినేసి చెయ్యి కడుక్కున్నాను.

అదంతా ఆవిడ నన్ను దెప్పడానికి చెప్పలేదు. దెప్పి ఉంటే నేను దెబ్బలాడేదాన్ని, కాస్త బరువు దిగేది. ఆవిడ నవ్వుతూ చెప్పి, నా బన్ను కూడా సగం తుంపుకుని తినేసింది. నా తెర పోతే పోయింది. నా పిల్ల చెయ్యి నాకంటే ఆవిడకి బాగా తెలుసు. ఈ సంగతి నాకు తెలియడం కోసం కంపెనీ కారు పెట్టుకుని గరివిడి దాకా వెళ్ళాల్సి వచ్చింది.

ఆ కుర్చీ ఆవిడకే ఇచ్చారు. పూటపని కాస్తా పూర్తి ఉద్యోగమైంది. నా తెరలోంచి మేనేజరు ఒక్కటి తీసుకున్నాడు, ఎడమకు నడిచే జవాబు గడి. అది ఇప్పుడు ఆవిడ తెరలో నడుస్తోంది. "అక్క నడక లేకపోతే నా తెర సున్నా అత్తా" అని ఇంటికొచ్చి చెప్పింది. మా అత్తగారు "దాని నడకేటి, దీని తెరేటి, ఇద్దరూ అన్నాలు తినండి" అన్నారు. మెచ్చుకుంది కదా, సంతోషపడొచ్చు కదా అనుకుంటారు మీరు. నన్ను మెచ్చుకునే హోదా ఆవిడకి ఎప్పుడొచ్చిందా అని నేను ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పుడు తీసివేత తెర చేస్తున్నాం. నేను గీసి ఆవిడకి చూపించాలి. ఆవిడ బాగుందంటుంది. ప్రతిసారీ బాగుందంటుంది, అదొక బాధ.

మొన్న ఆదివారం పొద్దున్న వరండాలో చాప మీద మా అమ్మాయి పక్కన కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు. మా తోడికోడలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఇక్కడికి వినబడేలా పాడుకుంటోంది. పిల్ల టాబ్ మీదకి వంగి ఉంది. కుడి చెయ్యి అంకెల మీద, ఎడమ గుప్పిడి ఆ ఖాళీ చోటులో. పుట్టినప్పుడు కూడా దాని గుప్పిడి అలాగే ఉండేది, బొటనవేలు లోపల పెట్టుకుని. నేను మొదటిసారి చూస్తున్నట్టు చూశాను. ఈసారి ఏమీ అనకూడదని గట్టిగా అనుకున్నాను.

మా అత్తగారు పెద్ద గ్లాసుతో పాలు తెచ్చారు. "రెండు సేతుల్తో పట్టుకో, కాలతాది" అన్నారు.

పిల్ల గ్లాసు వైపు చూసింది, గుప్పిడి వైపు చూసింది. లెక్క సగంలో ఉంది.

"నాకియ్యి" అన్నాను. చెయ్యి చాపాను. "నీ ఒకటి నేను పట్టుకుంటాను. పాలు తాగి తీసుకో."

అది నా అరచేతిని చూసింది. తర్వాత నా మొహం చూసింది. గుప్పిడిని గుండెకి ఆనించుకుంది.

"నువ్వు ఇప్పీస్తావు" అంది.

"విప్పను."

"ఇప్పీస్తావమ్మా" అని నెమ్మదిగా, నాకు బాధ కలగకూడదన్నట్టు చెప్పి, పెరటి వైపు తిరిగి, "పిన్నీ!" అని కేకేసింది.

ఆవిడ తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. ఏమిటని అడగలేదు. వంగి చెయ్యి చాపింది. పిల్ల తన గుప్పిడిని ఆ చేతిలో పెట్టి జాగ్రత్తగా విప్పింది. ఆవిడ వేళ్ళు ముడుచుకుంది. పిల్ల రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, కళ్ళు మాత్రం ఆ గుప్పిడి మీదే ఉంచి, పాలు తాగడం మొదలుపెట్టింది.

నా చెయ్యి ఇంకా చాచే ఉంది. ఆవిడ గుప్పిట్లో ఏమీ లేదని నాకు తెలుసు. అయినా అది నాకు కావాలి.